పాత విండోస్‌కి సెలవిస్తే ఆన్‌లైన్ గేమ్ చేసేవాళ్ళ సంగతేంటి?



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. కంప్యూటర్ గ్రూపు తీసుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం చివరిదాకా చదవాలి.

మేము నలుగురం. మన్యంలో తలో ఊరు, ఇప్పుడు ఒకే హాస్టల్ గది. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళం మేమే. డిగ్రీ ప్రాజెక్టు కోసం ఒక చిన్న ఆన్‌లైన్ గేమ్ చేస్తున్నాం. దాని పేరు "సంత". ఒకేసారి నలుగురు ఆడొచ్చు. ఒకరు పసుపు తెస్తారు, ఒకరు చింతపండు, ఒకరు అడ్డాకులు, ఒకరు కొండచీపుర్లు. షావుకారు తూకంలో చేసే మోసాన్ని పట్టుకుంటూ, బేరమాడి, సాయంత్రం జీపు బయల్దేరేలోపు సరుకు అమ్ముకోవాలి. లెక్కలు రాని పిల్లలకి లెక్కలు, లెక్కలొచ్చిన వాళ్ళకి ధైర్యం రావాలని మా ఆశ.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఈ ఆట ముందు ఆడాల్సింది మేము చదివిన ఆశ్రమ పాఠశాల పిల్లలు. అక్కడి కంప్యూటర్లన్నీ విండోస్ 7వి. మాకు ప్రాజెక్టు చూసే సార్ మాత్రం "పాతవాటి గోల మీకెందుకయ్యా, విండోస్ 10, 11లకి చేసేయండి, మార్కులొస్తాయి" అన్నారు. మాలో ఇద్దరం సార్ మాటే రైటన్నాం, ఇద్దరం కాదన్నాం. వారం రోజులు గదిలో ఇదే వాదన. ఆ వాదన కోసం చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు లెక్కలు చూద్దాం. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చింది. 2014 ఏప్రిల్ 8తో దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది. విండోస్ 7 వచ్చింది 2009లో, అప్పటికి మాకు నాలుగేళ్ళు. 2020 జనవరి 14తో దాని పనీ అయిపోయింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14 ఆఖరి రోజు. సపోర్టు ఆగిందంటే ఆ మర్నాడు కంప్యూటర్ ఆన్ అవ్వదని కాదు. కొత్త కన్నాలు బయటపడితే పూడ్చేవాళ్ళు ఉండరని అర్థం.

అసలు దెబ్బ కొన్నాళ్ళు ఆగి తగులుతుంది, అదీ పక్కవాటి మీదుగా. పీసీ గేములు అమ్మే పెద్ద దుకాణం స్టీమ్. అది ఎక్స్‌పీ, విస్టాలను 2019 జనవరి 1న వదిలేసింది. విండోస్ 7, 8లను 2024 జనవరి 1న వదిలేసింది. కారణం వాళ్ళే చెప్పారు. స్టీమ్ లోపల క్రోమ్ బ్రౌజర్ ముక్క ఒకటి ఉంటుంది, అది పాత విండోస్ మీద ఇక పనిచెయ్యదు. క్రోమ్ అయితే 109వ వెర్షన్‌తోనే విండోస్ 7కి ఆగిపోయింది. అంటే గేమ్ చేసినవాడు తన కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా, కింద పునాది కదిలితే పైన ఆట కదిలిపోతుంది.

పనిముట్ల సంగతీ అంతే. మా ఆట సర్వర్ పైథాన్‌లో రాశాం. విండోస్ 7 మీద పైథాన్ 3.8 వరకే ఎక్కుతుంది, 3.9 ఎక్కదు. ఆ 3.8కి కూడా 2024 అక్టోబర్‌తో సపోర్టు పోయింది. కొత్త లైబ్రరీలు కొత్త పైథాన్ అడుగుతాయి, కొత్త పైథాన్ కొత్త విండోస్ అడుగుతుంది, విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 చిప్ ఉన్న కంప్యూటర్ అడుగుతుంది. గొలుసు పట్టుకుని లాగితే చివరికి తేలేది డబ్బే. కొత్త కంప్యూటర్ కొనగలవా లేదా అన్నదే అసలు ప్రశ్న.

అలాగని పాతది వదిలేసేవాళ్ళు చెడ్డవాళ్ళని అనలేం. ప్రతి మార్పునీ ఎన్ని రకాల విండోస్‌లుంటే అన్నిటి మీదా ఆడి చూడాలి. పదిమంది ఉన్న చిన్న కంపెనీకి అది మొయ్యలేని బరువు. భద్రత కూడా ఉంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. సరిగ్గా అప్‌డేట్ చెయ్యని విండోస్ కంప్యూటర్ల మీదే దాని ప్రతాపం. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆన్‌లైన్ గేమ్‌లో పాస్‌వర్డులుంటాయి, డబ్బులు కట్టి కొన్న వస్తువులుంటాయి. దొంగాట ఆడేవాళ్ళని పట్టుకోవడమూ కావాలి. వాలరాంట్ గేమ్ విండోస్ 11 మీద టీపీఎం 2.0 ఉంటేనే ఆడనిచ్చేది అందుకే. సార్ మాట రైటన్న ఇద్దరం చెప్పిన పాయింట్లు ఇవే. బలమైనవే.

రెండో వైపు కూడా ఉంది. 2019 మార్చిలో, విండోస్ 7 గడువు ఏడాది కూడా లేని టైంలో, మైక్రోసాఫ్ట్ ఒక పని చేసింది. విండోస్ 10కే పరిమితం అనుకున్న డైరెక్ట్‌ఎక్స్ 12ని వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్ కోసం విండోస్ 7కి తెచ్చిపెట్టింది. అంటే "కుదరదు" అన్నది ఎప్పుడూ పూర్తి నిజం కాదు. అడిగేవాళ్ళు పెద్దవాళ్ళయితే, ఆడేవాళ్ళు లక్షల్లో కనపడితే కుదురుతుంది.

ఈ "కనపడితే" అన్న మాట దగ్గరే మా వాదన మలుపు తిరిగింది. ఏ విండోస్‌ని ఉంచాలి, దేన్ని వదలాలి అనేది గేమ్ చేసేవాళ్ళు ఎక్కువగా స్టీమ్ సర్వే లాంటివి చూసి తేల్చుకుంటారు. 2017 చివర్లో ఆ సర్వేలో విండోస్ 7 వాటా తగ్గాల్సింది పోయి బాగా పెరిగిపోయింది. 2018లో స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ అసలు సంగతి చెప్పింది. ఆసియాలో నెట్ సెంటర్లలో ఆడేవాళ్ళు లెక్కలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువసార్లు పడ్డారట. తర్వాత సరిచేశారు. ఒక కంప్యూటర్ మీద ఎంతోమంది కూర్చునే చోట ఎలా లెక్కపెట్టాలో అంత పెద్ద కంపెనీకే వెంటనే తెలియలేదు.

ఇప్పుడు మన బడి చూడండి. ఒక్క కంప్యూటర్ ముందు అయిదుగురు పిల్లలు కూర్చుంటారు. నెట్ ఉండదు, ఉన్నా సిగ్నల్ ఉండదు. ఏ సర్వేకీ ఆ కంప్యూటర్ చిక్కదు. అక్కడ లెక్క ఎక్కువ పడటం కాదు, అసలు పడదు. "పాత విండోస్ వాడేవాళ్ళు పిసరంత మందే" అని ఎవరైనా అంటే, ఆ పిసరంతలో కూడా మన పిల్లలు లేరు. జనాభా లెక్కకి వచ్చినవాళ్ళు కొండెక్కలేక కిందనుంచే రాసుకుపోయారని మా తాతలు చెప్పేవారు. ఇదీ అలాంటిదే.

అందుకే నలుగురం ఒక మాట మీదకి వచ్చాం. ఆట విండోస్ 7 మీద కూడా ఆడాలి. దానికోసం కొన్ని వదులుకున్నాం. 3డీ బొమ్మలు వద్దనుకున్నాం, మాట్లాడుకునే వాయిస్ వద్దనుకున్నాం. ఆట బ్రౌజర్‌లోనే నడిచేలా చేశాం, ఎందుకంటే ఫైర్‌ఫాక్స్ 115 ఇంకా విండోస్ 7 మీద ఎక్కుతుంది. నెట్ లేకపోయినా పర్లేదు. బడిలో ఒక కంప్యూటర్ సర్వర్‌గా ఉంటుంది, మిగతావి కేబుల్‌తో దానికి కలుస్తాయి. సార్ మాటనీ కొట్టిపారెయ్యలేదు. పాత సిస్టంకి భద్రత లేదన్నది నిజమే కాబట్టి మా ఆట ఎవరి అసలు పేరూ అడగదు, ఫోన్ నంబర్ అడగదు, పాస్‌వర్డ్ అడగదు. పిల్లలు ఒక ఆటపేరు పెట్టుకుంటారు, అంతే. దొంగిలించడానికి ఏమీ లేకపోతే దొంగతో పనేముంది?

దీనికి మూడు వారాలు ఎక్కువ పట్టింది. మార్కులు తగ్గుతాయేమో, ఇంకా తెలీదు. సార్ "సరే, ఎందుకు చేశారో రిపోర్టులో రాయండి" అన్నారు. రాశాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు రెండు మాటలు. మీ ల్యాబ్‌లో పాత సిస్టంలున్నాయని గేమ్ చెయ్యడం మానకండి. గోడాట్ 3 లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. విండోస్ పనికిరాకపోతే సార్లని అడిగి లినక్స్ వేయించుకోవచ్చు. ఖర్చు లేదు, అప్‌డేట్లు వస్తాయి. రెండోది, మీరు చేసేది ఎవరు ఆడతారో ముందు చూసుకోండి, తర్వాత కోడ్ మొదలుపెట్టండి.

అన్నలూ, అక్కలూ, మీ నుంచి ఒక సాయం కావాలి. మీ ఊరి ఆశ్రమ పాఠశాలలో, మీ హాస్టల్‌లో ఎన్ని కంప్యూటర్లున్నాయి, ఏ విండోస్ ఉంది, ఒక్కోదాని ముందు ఎంతమంది పిల్లలు కూర్చుంటారు, ఈ మూడూ చూసి ఈ గ్రూపులో రాయండి. అన్నీ కలిపి ఒక పట్టికగా మేమే చేస్తాం. ఐటీడీఏకి కొత్త కంప్యూటర్లు కావాలని అర్జీ పెట్టినా, రేపు మనలో ఎవరైనా ఇంకో గేమ్ చేసినా, చేతిలో లెక్క ఉండాలి. మన లెక్క మనమే రాసుకుందాం.

జై ఆదివాసీ.