లడ్డూకి పథ్యం

మా ఇంట్లో ఏ వంటైనా ఉల్లిపాయ కోయడంతోనే మొదలవుతుంది. పప్పులో ఉల్లి, కూరలో ఉల్లి, పులుసులో ఉల్లి, చివరికి పెరుగన్నంలోకి నంజుకోడానికి కూడా ఉల్లే. పోపులో వెల్లుల్లి సరేసరి. మీ ఇల్లూ ఇంతే అయి ఉంటుంది. కుక్క లేని ఇంట్లో ఇదేం పెద్ద విషయం కాదు. ఉంటే మాత్రం "కాస్త మిగిలిందిగా, దానికి పెట్టేయ్" అనే మాట దగ్గరే అసలు తంటా.

మా లడ్డూ లాబ్రడార్. వయసు ఏడేళ్ళు. పేరు పెట్టిన రోజున నిజంగానే లడ్డూలా ఉండేది. ఏప్రిల్‌లో డాక్టర్ గారు తూకం మీద నిలబెడితే 38 కిలోలు వచ్చింది. దాని ఒళ్ళుకి 30, మహా అయితే 31 ఉండాలట. అప్పటికే మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్ళు ఈడుస్తోంది. "మందులు తర్వాత, ముందు బరువు దించండి" అన్నారాయన. డ్రై ఫుడ్ కొలత తగ్గించాలి. కడుపు ఖాళీగా అనిపించకుండా ఉడికించిన కూరగాయలు కలపాలి. నేతి ముద్దలు పూర్తిగా బంద్.

ఆ చివరి మాటే నాకు కష్టమైంది. ఎందుకంటే ఆ ముద్దలు పెట్టేది మా నానమ్మ.

తాతయ్య పోయాక నానమ్మ తణుకు నుంచి కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌కి వచ్చేసింది. వచ్చిన కొత్తలో సరిగ్గా తినేది కాదు. అమ్మ బతిమాలితే రెండు మెతుకులు, అంతే. ఒకరోజు లడ్డూ వెళ్ళి ఆవిడ కంచం ముందు కూర్చుంది. దానికో ముద్ద, తనకో ముద్ద. అలా మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టింది. మూడేళ్ళుగా మధ్యాహ్నం పన్నెండున్నరకి ఇది తప్పని కార్యక్రమం. ఇప్పుడు నేను వెళ్ళి "దానికి పెట్టకు" అనాలి.

అన్నాను. "మూగజీవం ఎదురుగా కూర్చుంటే, పెట్టకుండా తింటే నాకు ముద్ద దిగుతుందా?" అంది. కాసేపాగి, "మీ తాతయ్య చివరి వేసవిలో మామిడిపండు అడిగారే. షుగర్ అని పెట్టలేదు నేను. ఇక ఎవరికీ లేదనను" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజుకి ఊరుకున్నా.

మర్నాడు ఇంకోలా చెప్పా. అమెరికాలో 48 లాబ్రడార్ల మీద జీవితాంతం చేసిన పరిశోధన ఒకటుంది, 2002లో ఫలితాలు వచ్చాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని జంటలుగా తీసుకున్నారు. జంటలో ఒకదానికి మామూలు తిండి, రెండోదానికి అందులో నాలుగో వంతు తక్కువ. ఎక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 11.2 ఏళ్ళు, తక్కువ తిన్నవాటిది 13. కీళ్ళ నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. నానమ్మకి అంకెలు పట్టలేదు గానీ "దాదాపు రెండేళ్ళు ఎక్కువ" అన్నది పట్టింది. "రెండేళ్ళే?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత లడ్డూ తల నిమురుతూ, "అయితే దీనికి పథ్యం అన్నమాట" అంది.

పథ్యం! నేను డైట్ డైట్ అని గింజుకుంటుంటే ఆవిడ ఒక్క పదంలో తేల్చేసింది. పథ్యం వండడం నానమ్మకి కొట్టిన పిండి. తాతయ్యకి పన్నెండేళ్ళు వండింది.

శనివారం పొద్దున్నే ఇద్దరం రైతు బజారుకి వెళ్తాం. సొరకాయ, క్యారెట్, బీన్స్, గుమ్మడి, కీర, ఎప్పుడైనా చిలగడదుంప. ఇంటికొచ్చి కడిగాక సొరకాయ ముక్క కోసి నానమ్మ ముందు తను నాలుక మీద పెట్టుకుంటుంది. చేదుంటే ఆ కాయ చెత్తబుట్టలోకే. చేదు సొరకాయ మనకీ మంచిది కాదు, కుక్కకీ కాదు. తర్వాత అన్నీ చిన్న ముక్కలు చేసి ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదిపేస్తాం. ఉప్పు లేదు, నూనె లేదు, పోపు అసలే లేదు. చల్లారాక మూడు రోజులకి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది ఐస్ ట్రేల్లో ఫ్రీజర్‌లో.

ఇంతలా మెదపడం ఎందుకంటే, కుక్క దవడ మనలా పక్కలకి కదిలి నమలదు. కరవడం, మింగడం, అంతే. పచ్చి క్యారెట్ ముక్కలు వేస్తే చాలావరకు ముక్కలుగానే బయటికి వచ్చేస్తాయి (మర్నాడు పార్కులో సంచితో ఎత్తేవాళ్ళకి తెలుస్తుంది నేనేమంటున్నానో). పచ్చిది కరకరలాడించడం దానికి సరదా కాబట్టి, సాయంత్రం ఒక కీర ముక్క మాత్రం అలాగే ఇస్తాం.

కేలరీల తేడా చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. వంద గ్రాముల అన్నంలో సుమారు 130. అంతే క్యారెట్‌లో 40, కీరలో 15. పెద్ద చెంచా నెయ్యి ఒక్కటే 120 దాకా. గిన్నె నిండా కనిపిస్తుంది, లెక్కలో మాత్రం కొంచెమే. అలాగని కూరగాయలతోనే కుక్కని బతికించలేం. ప్రొటీన్, కాల్షియం వగైరా దాని అసలు తిండి నుంచే రావాలి. ఈ అదనపు పళ్ళూ, ట్రీట్లూ రోజువారీ కేలరీల్లో పది శాతం దాటకూడదని డాక్టర్ల లెక్క. మీ కుక్కకి కిడ్నీ, షుగర్ లాంటివి ఉంటే ఇవి కూడా అడిగే పెట్టండి.

ఇక పెట్టకూడనివి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని దెబ్బతీసి పగలగొడతాయి. వండినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. ఒంటి బరువులో అర శాతం మించి ఉల్లి ఒకేసారి తిన్నవాటిలో విషలక్షణాలు కనిపిస్తాయట. అంటే పది కిలోల కుక్కకి 50 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ. మూడు కిలోల పొమేరియన్ ఉన్నవాళ్ళు లెక్క మీరే వేసుకోండి.

ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీల్ని పాడు చేస్తాయి, అన్ని కుక్కల్నీ ఒకేలా కాదు గానీ ఏది తట్టుకుంటుందో ముందు చెప్పలేం. చాలా ఏళ్ళు కారణమే తెలియలేదు. 2021లో అమెరికాలో జంతువుల విషచికిత్స నిపుణులు టార్టారిక్ యాసిడ్‌ని అనుమానించారు. ఇంట్లో చేసిన ఆట పిండి తిని ఒక కుక్కకి కిడ్నీలు దెబ్బతింటే, అందులో వేసిన క్రీమ్ ఆఫ్ టార్టార్ నుంచి వాళ్ళకి దారి దొరికింది. ఆ పులుపే చింతపండులోనూ దండిగా ఉంటుంది. చింతపండు తిన్న కుక్కల్లో కూడా కిడ్నీ సమస్య చూశారు.

ఇది చదివినప్పుడు నేను వంటింట్లో జాడీ వంక చూశా. పులుసు, చారు, పులిహోర, పచ్చడి. మరి పొంగలిలో కిస్‌మిస్.

"మా ఊళ్ళో కుక్కలన్నీ పులుసన్నం తినే బతికాయి కదే" అంది నానమ్మ. బతికాయి. ఎన్నేళ్ళు బతికాయో ఎవరు లెక్కపెట్టారు, వాటి కిడ్నీలు ఎవరు చూశారు? ఆవిడ అన్నదాంట్లో ఒకటి మాత్రం నిజం: అన్నం కుక్కకి శత్రువేం కాదు. మనుషుల పక్కన బతుకుతూ కుక్కలు పిండిపదార్థాన్ని అరిగించుకోవడం నేర్చాయి, తోడేళ్ళ కంటే ఆ జన్యువు కాపీలు వాటిలో ఎక్కువని 2013లో తేలింది. లడ్డూకి వద్దన్నది నెయ్యీ, పులుసూ, కొలతలేనితనమూ.

అయినా అది అడుగుతూనే ఉంటుంది. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకి ఆకలిని అదుపు చేసే జన్యువులో లోపం ఉంటుందని కేంబ్రిడ్జ్ వాళ్ళు 2016లో చెప్పారు. ఆ కళ్ళు చూస్తే మాది ఆ నాలుగో వంతులోదే అని నా గట్టి నమ్మకం.

పన్నెండున్నర కార్యక్రమం ఆగలేదు. నానమ్మ కంచం పక్కన ఇంకో గిన్నె వచ్చింది, అంతే. తన పప్పన్నం తను తింటూ, ఎడం చేత్తో సొరకాయ, గుమ్మడి ముద్దలు చేసి పెడుతుంది. మొదటి నాలుగు రోజులు లడ్డూ గిన్నెనీ ఆవిడనీ మార్చి మార్చి చూసింది. ఐదో రోజు నుంచి గిన్నె నాకడం కూడా మొదలెట్టింది.

మే నెలలో మామిడిపళ్ళు వచ్చాయి. నానమ్మ ఏమీ అడగలేదు, బంగినపల్లి చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. మామిడి పెట్టొచ్చు. తొక్క తీసి, టెంక దూరంగా పడేసి, గుజ్జు చిన్న ముక్కలు రెండో మూడో. టెంక మింగితే పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది, మొక్కజొన్న కంకి కూడా అంతే. చెప్పాను. ఆవిడ ముక్కలు కోసి, ఒక్కొక్కటే పెట్టింది. మూడోది పెట్టాక కళ్ళు తుడుచుకుని, చెయ్యి కడుక్కోడానికి లేచింది.

మొన్న తూకం 33.4. ఇంకో రెండు, మూడు కిలోలు దిగాలి. సోఫా ఎక్కేస్తోంది, అమ్మకి అదో కొత్త బాధ.

ఇప్పుడు సీతాఫలాల సీజన్. గుజ్జు తియ్యన కాబట్టి కాస్తే, గింజలు మాత్రం ఒక్కటి కూడా వెళ్ళకూడదని చెప్పా. నిన్న నానమ్మ కళ్ళజోడు పెట్టుకుని పేపర్ పరుచుకుని కూర్చుంది. ఆరు తొనలు, ఆరు గింజలు. అన్నీ వరసగా పెట్టి, నన్ను పిలిచి లెక్క చూపించి, ఆ తర్వాతే లడ్డూని పిలిచింది.