ఎన్ని దేశాలు, ఎన్ని నిద్రలు

నర్సీపట్నం వంటి ఊరి నుంచి తొలిసారి ఐరోపాకు బయల్దేరే దంపతులు తమ ప్రయాణాన్ని దేశాల సంఖ్యతో కొలుస్తారు. ఆ ఖండంలోకి అనుమతి ఇచ్చే చట్టమేమో అదే ప్రయాణాన్ని ఒక్కో చోట ఉండే రోజులతో, అంటే దాదాపు రాత్రుల సంఖ్యతో, కొలుస్తుంది. పది రోజుల్లో ఏడు దేశాలు చూపిస్తామనే టూరు ప్రకటనలూ, స్విట్జర్లాండు కొండల్లో తీసిన సినిమా పాటలూ, విదేశాల్లో ఉన్న పిల్లలు పంపే ఫొటోలూ కలిసి దేశాల లెక్కను ఇళ్ళల్లో స్థిరపరిచాయి. నిజానికి రాత్రుల లెక్క తెలుగువారికి కొత్తది కాదు. మొక్కుకున్న క్షేత్రంలో ఒక నిద్ర చేసి రావడం, కొత్త దంపతుల చేత మూడు నిద్రలు చేయించడం మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్న మాటలే. ఒక చోటికి వెళ్ళడమంటే అక్కడ పడుకుని లేవడమే తప్ప గుమ్మం తొక్కి రావడం కాదన్న ఎరుక ఆ మాటల్లో ఉంది. ‘యూరప్ టూర్’ అనేసరికి ఆ ఎరుక ఎందుకు జారిపోతుందో ఆలోచించదగిన విషయమే.

రాత్రుల లెక్క ఎందుకు ముఖ్యమో తెలియాలంటే షెంగెన్ అనే మాట అర్థం కావాలి. లక్సెంబర్గులో, ఫ్రాన్సు, జర్మనీ సరిహద్దులు కలిసే చోట, మోజెల్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరి పేరది. 1985 జూన్ 14న ఆ ఊరి దగ్గర నదిలో నిలిపిన ఓడ మీద అయిదు దేశాలు, తమ మధ్య సరిహద్దు తనిఖీలను క్రమంగా ఎత్తివేసుకుంటామని సంతకాలు చేశాయి. ఆ ఏర్పాటు 1995 మార్చి 26న అమలులోకి వచ్చింది, బల్గేరియా, రుమేనియాలు 2025 జనవరి 1న పూర్తిగా చేరడంతో సభ్య దేశాలు 29 అయ్యాయి. షెంగెన్, ఐరోపా సమాఖ్య ఒకటే అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. స్విట్జర్లాండు, నార్వే సమాఖ్యలో లేకపోయినా షెంగెన్‌లో ఉన్నాయి, ఐర్లండు సమాఖ్యలో ఉన్నా షెంగెన్‌లో లేదు, బ్రిటన్ రెండింటిలోనూ లేదు; కనుక లండను కూడా చూడాలనుకునే దంపతులు మరో వీసాకు మరో రుసుము కట్టుకోవలసిందే. పర్యాటకులకు ఇచ్చే స్వల్పకాలిక వీసా మీద ఏ 180 రోజుల వ్యవధిలోనైనా గరిష్ఠంగా 90 రోజులు ఉండవచ్చు.

ఒకే వీసాతో అన్ని దేశాలూ తిరగవచ్చు కాని దరఖాస్తు మాత్రం ఒకే దేశానికి చేయాలి. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికి, అన్ని చోట్లా సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలన్నది నియమం. ఏ కాన్సులేటు సులువుగా వీసా ఇస్తుందో కనుక్కుని, అక్కడ ఎక్కువ రాత్రులు ఉన్నట్టు హోటల్ బుకింగులు చూపించి, వీసా చేతికి రాగానే వాటిని రద్దు చేసుకునే పద్ధతి ఏజెంట్ల నోట తెలివైన ఉపాయంగా వినిపిస్తుంది. అది ఉపాయం కాదు, అబద్ధపు దరఖాస్తు. సరిహద్దు దగ్గర అధికారి అడిగినప్పుడు దానికి సమాధానం చెప్పవలసింది ఏజెంటు కాదు, పరాయి భాషల మధ్య నిలబడిన ఆ భార్యాభర్తలు.

దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు వరకు ఇవ్వవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అవసరమైతే 45 రోజుల దాకా సాగుతుంది. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి; పాస్‌పోర్టు గత పదేళ్ళలో జారీ అయినదై, తిరుగు ప్రయాణం తరువాత కనీసం మూడు నెలలు చెల్లాలి, అందులో రెండు పేజీలైనా ఖాళీగా ఉండాలి. భార్యాభర్తలైనా దరఖాస్తులు వేరు, రుసుములు వేరు, నిర్ణయాలూ వేరు. ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవడం కూడా జరుగుతుంది. పాస్‌పోర్టు పని విశాఖపట్నంలో ముగిసినా, వీసా కోసం వేలిముద్రలు ఇవ్వడానికి సాధారణంగా హైదరాబాదు వెళ్ళాలి. నర్సీపట్నం రోడ్ అనే స్టేషను నర్సీపట్నంలో లేదన్న సంగతి ఆ ఊరివారికి కొత్త కాదు కనుక, తునిలో రైలెక్కి ఒక రాత్రి, తిరిగి రావడానికి మరో రాత్రి వెచ్చించాలన్న లెక్క వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

తెలుగు దంపతులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు మరో గడి ఉంటాయి. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. పైగా చాలామంది పత్రాల్లో అది ఒకటి రెండు ఇంగ్లీషు అక్షరాలకు కుదించుకుపోయి ఉంటుంది. భార్య పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టింటివారి ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో అత్తింటివారి ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరే లేకుండా ఉండడం అరుదైన సంగతి కాదు. ఊళ్ళో ఎవరూ పట్టించుకోని ఈ తేడాలన్నీ వీసా ఫైలులో పక్కపక్కన చేరి, ఒకే మనిషిని ముగ్గురిగా చూపిస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే టికెట్టు మీద పేరు ఎలా రాయాలన్నది ఒక్కో విమాన సంస్థ ఒక్కో తీరుగా చెబుతుంది. వివాహ నమోదు మరో ముడి. రాష్ట్రంలో పెళ్ళిళ్ళ నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002 నాటిది. అంతకు ముందు అన్నవరం కొండ మీదో సింహాచలంలోనో పెళ్ళయిన చాలామంది దగ్గర శుభలేఖా ఆల్బమూ ఉంటాయి గాని ధ్రువపత్రం ఉండదు. ముప్పై ఏళ్ళ కాపురం తరువాత రిజిస్ట్రారు కార్యాలయంలో సాక్షులను వెంటబెట్టుకుని సంతకాలు చేయడం కొందరికి నామోషీగానూ, కొందరికి సరదాగానూ ఉంటుంది. ఎలా ఉన్నా, ప్రయాణపు పనుల్లో దాన్నే మొదట పూర్తి చేసుకోవడం మేలు.

ఆర్థిక పత్రాల వెనుక ఉన్న తర్కం తెలిస్తే వాటి భయం తగ్గుతుంది. అధికారి తేల్చుకోవలసినవి రెండు: ఈ దంపతులు తమ ఖర్చు తాము భరించగలరా, తిరిగి వస్తారా. ఉద్యోగులకు జీతం చీటీలు, సెలవు మంజూరు పత్రం ఆ పని చేస్తాయి. చెరకు, జీడిమామిడి తోటల మీద బతికేవారికి, చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్ను రిటర్నులు, నెలల తరబడి నడిచిన బ్యాంకు ఖాతా చూపించడం అవసరం. పట్టాదారు పాస్‌పుస్తకం తిరిగి రావడానికి కారణం చూపుతుందే తప్ప ప్యారిస్‌లో హోటల్ బిల్లు కట్టే శక్తిని చూపదు. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర తెచ్చి ఖాతాలో వేసిన పెద్ద మొత్తం అనుమానాన్నే పెంచుతుంది. కొడుకో కూతురో అక్కడే ఉంటే వారి ఆతిథ్యానికి కూడా పత్రం కావాలి: ఖర్చులన్నిటికీ తానే పూచీ అని జర్మనీలో స్థానిక విదేశీయుల కార్యాలయం ఎదుట రాసి ఇచ్చే హామీని ‘వెర్‌ప్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్క్లేరుంగ్’ అంటారు, ఫ్రాన్సులో పురపాలక కార్యాలయం ధ్రువపరిచే ఆతిథ్య పత్రాన్ని ‘అతెస్తాసియోఁ దాక్యోయ్’ అంటారు. మా అబ్బాయి అక్కడే ఉన్నాడన్న మాట నర్సీపట్నంలో చెల్లినట్టు కాన్సులేటులో చెల్లదు.

అసలైన ప్రణాళిక ఒక నోటు పుస్తకంలో మూడు గీతలతో తేలిపోతుంది: తేదీ, పడుకునే ఊరు, మరునాడు ఎక్కే రైలు. పన్నెండు రాత్రులు చేతిలో ఉన్న దంపతులు ప్యారిస్‌కు నాలుగు, స్విట్జర్లాండుకు నాలుగు, ఇటలీకి నాలుగు రాసుకున్నారనుకుంటే, మూడూ సమానమే కనుక మొదట దిగే ఫ్రాన్సుకే దరఖాస్తు చేయాలి. ఇటలీకి ఒక రాత్రి పెంచి స్విట్జర్లాండుకు ఒకటి తగ్గిస్తే దరఖాస్తు ఇటలీకి మారిపోతుంది. ఒక్క నిద్ర అటూ ఇటూ జరిగితే కాన్సులేటే మారుతుందన్నమాట. ప్యారిస్ నుంచి జ్యూరిక్‌కు వేగపు రైలులో దాదాపు నాలుగు గంటలు, అక్కడి నుంచి మిలాన్‌కు మూడున్నర గంటల లోపే. ఈ రెండో దారిలో 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల గోథార్డ్ సొరంగం ప్రపంచంలోకెల్లా పొడవైన రైలు సొరంగం. ప్యారిస్‌లో దిగి, మిలాన్ నుంచే తిరుగు విమానం ఎక్కేలా టికెట్టు తీసుకుంటే, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళే ఒక రోజు మిగులుతుంది. ఒక ఊరి నుంచి మరో ఊరికి మారడమంటే ఉదయం గది ఖాళీ చేసి, పెట్టెలు మోసుకుని, రైలు దిగి, మధ్యాహ్నం దాటితే గాని తాళం ఇవ్వని కొత్త హోటల్ ముందు నిలబడడం. అంటే సగం రోజు. పది రోజుల్లో ఏడు దేశాలంటే ఆరు మార్పులు, అంటే మూడు పూర్తి రోజులు పెట్టెల పాలు.

విమానం జర్మనీలో మారి ఫ్రాన్సుకు వెళ్ళేదైతే, షెంగెన్‌లో ప్రవేశ తనిఖీ జర్మనీలోనే జరుగుతుంది. 2025 అక్టోబరు 12 నుంచి దశలవారీగా పాస్‌పోర్టు మీద ముద్రకు బదులు ముఖచిత్రం, వేలిముద్రలు నమోదు చేసే పద్ధతి వచ్చింది కనుక, విమానం మారే చోట గంటన్నర వ్యవధి పెట్టుకోవడం సాహసమే. లోపలి సరిహద్దుల దగ్గర కూడా కొన్ని దేశాలు తాత్కాలిక తనిఖీలు జరుపుతున్నాయి, అందువల్ల పాస్‌పోర్టులను హోటల్ గదిలో దాచిపెట్టి మరో దేశానికి రైలెక్కకూడదు. యూరోలు అన్ని చోట్లా చెల్లుతాయనుకోవడమూ తప్పే. స్విట్జర్లాండు నాణెం ఫ్రాంకు, చెక్ దేశానిది కొరునా, హంగరీది ఫోరింటు.

కొండ ఎక్కే రోజు విషయంలో నర్సీపట్నం దంపతులకు ఒక సౌలభ్యం ఉంది. లంబసింగి మీదుగా చెరువులవేనం ఎక్కి, పాల కడలిలాంటి మంచు కోసం తెల్లవారుజామున చలిలో నిలబడి, ఆ రోజు మబ్బు కుదరకపోతే ఉత్త తెల్లదనం చూసి దిగిరావడం వారికి తెలుసు. స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రావ్‌యోహ్ కూడా అంతే. 1896లో పని మొదలై 1912లో పూర్తయిన పళ్ళపట్టాల రైలు ఐగర్ శిఖరాన్ని తొలిచిన సొరంగం గుండా 3,454 మీటర్ల ఎత్తుకు తీసుకువెళుతుంది. టికెట్టు ఖరీదైనది, మబ్బు మాత్రం ఎవరి మాటా వినదు. కొండ దిగువ ఊళ్ళో రెండు మూడు నిద్రలు ఉంచుకుని, శిఖరం మీది కెమెరా చూపే దృశ్యాన్ని ఉదయాన్నే చూసి బయల్దేరేవారికే ఆ డబ్బు దక్కుతుంది. ఒక్క రాత్రి మాత్రమే ఉంచుకున్నవారికి చెరువులవేనం అనుభవమే మిగులుతుంది, టికెట్టు ధర తేడాతో.

ఆహారం విషయంలో తెలుగు ఇళ్ళు ఆవకాయ సీసాకు ఇచ్చే శ్రద్ధను నిబంధనలకు ఇవ్వవు. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల ప్రయాణికులు మాంసం గాని పాల పదార్థాలు గాని తీసుకురాకూడదు. నెయ్యి, పాలకోవా ఈ నిషేధంలోకే వస్తాయి. తాజా పండ్లు, ఆకులు, మొక్కలకు ధ్రువపత్రం కావాలి, కరివేపాకు రెబ్బకైనా మామిడిపండుకైనా మినహాయింపు లేదు. అయితే కొబ్బరి, అరటి, ఖర్జూరం, అనాస, డూరియన్ అనే అయిదింటిని మినహాయించారు, అందువల్ల కొబ్బరికాయ సరిహద్దు దాటగలదు గాని నేతి సీసా దాటలేదు. మాడుగుల హల్వా మిఠాయి కిందికి వస్తుందా, నేతి పదార్థం కిందికి వస్తుందా అన్న మీమాంసను కస్టమ్స్ అధికారితో చేసే ధైర్యం ఉన్నవారు దాన్ని తీసుకువెళ్ళవచ్చు. కందిపొడి, కారప్పొడి, చింతపండుతో చేసిన పులిహోర ముద్దతో ఇబ్బంది లేదు.

ఈ ఫైలంతా భర్త చేతిలో ఉండి, భార్య పెట్టెలు సర్దడానికి మాత్రమే పరిమితమయ్యే ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. అలా ఉండనక్కరలేదని చెప్పడానికి తెలుగులో పాత సాక్ష్యమే ఉంది. మద్రాసులో ఉండే పోతం జానకమ్మ, సూయెజ్ కాలువ తెరిచిన నాలుగేళ్ళకు, 1873లో భర్త రాఘవయ్యతో కలిసి ఓడలో ఇంగ్లండు వెళ్ళారు. చూసినవాటిని ఆమె తెలుగులో రాశారు, దాని ఇంగ్లీషు రూపం ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ పేరుతో 1876లో మద్రాసులో పుస్తకంగా వచ్చింది. పాస్‌పోర్టు చట్టం భారతదేశంలో 1920లో గాని రాలేదు కనుక వారికి ఈ పత్రాల బాధ లేదు, సముద్ర ప్రయాణం చేయకూడదన్న ఆంక్షల బాధ ఉండేది. దంపతులిద్దరూ వెళితే, లోకానికి చెప్పే పని భార్య తీసుకున్న ప్రయాణమది. ఇప్పటి దంపతుల్లోనూ నోటు పుస్తకంలో రాత్రుల గీతలు గీసే పని ఆమెకు అప్పగిస్తే, అలసట ఎక్కడ వస్తుందో, విశ్రాంతి ఎక్కడ కావాలో ఆ పట్టికలో ముందే కనిపిస్తుంది.

మళ్ళీ ఎప్పటికి వెళతామో అన్న బెంగే అన్ని దేశాలనూ ఒకే ప్రయాణంలో కుక్కేలా చేస్తుంది. ఆ బెంగ పెట్టుకున్నవారు రెండు నిబంధనలు తెలుసుకోవాలి. భారతీయుల కోసం 2024 ఏప్రిల్‌లో తెచ్చిన మార్పు ప్రకారం, గత మూడేళ్ళలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవారికి, పాస్‌పోర్టు గడువు సరిపోతే, పలుమార్లు ప్రవేశం ఉన్న రెండేళ్ళ వీసా, ఆ తరువాత అయిదేళ్ళ వీసా ఇవ్వవచ్చు. రెండోది, మొదటి దరఖాస్తులో ఇచ్చిన వేలిముద్రలు 59 నెలల పాటు చెల్లుతాయి.