రాయి మోసినవారు

మొన్న సోమవారం మేము దంపతులం రాజోలు నుండి బండి మీద ధవళేశ్వరం వెళ్లివచ్చాం. ఇన్నేళ్ల పరిచర్యలో సంఘం పెరగలేదని మేము కృంగి ఉన్న రోజులవి.

దారిలో పి.గన్నవరం దగ్గర ఆగి పాత అక్విడెక్టు చూశాం. 49 కమానుల మీద, వైనతేయను దాటించి మన పొలాలకు నీరిచ్చిన కట్టడమది. ధవళేశ్వరంలో కాటన్ దొరగారి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పటి బ్యారేజీ తర్వాత కట్టినది. దానికీ దొరగారి పేరే. రాళ్లు మోసిన వేలాది కూలీల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

గట్టు మీద నిలబడి అమ్మగారు అన్నారు: “వాళ్లు మోసిన రాయి వల్లే కదండీ మనం అన్నం తింటున్నాం!”

విత్తేవానిని, కోసేవానిని గూర్చి ప్రభువు సమరయలో చెప్పిన సంగతి మాకు అక్కడ కొత్తగా వినిపించింది. ఈ ఆదివారం పదిమందే వచ్చినా వాక్యం చెబుతాం. మీరూ మీ రాయి దించకండి. ఆమేన్.