ఆ అయిదుకి హామీ ఎవరు?

రండి, కూర్చోండి. హీటరు కొంచెం మీ వైపు తిప్పుకోండి. ఢిల్లీ జనవరి చలి మన కోస్తా ఒళ్లకి అంత తొందరగా పడదు. వేరుశనక్కాయలున్నాయి, గజక్ ఉంది, టీ మరుగుతోంది. ఇవాళ మనం చెప్పుకునేది భూకంపాల సంగతి. మిమ్మల్ని భయపెట్టాలని కాదు. ఓల్డ్ రాజిందర్ నగర్ గదుల్లో మన తెలుగు పిల్లలు బోలెడంతమంది సివిల్ సర్వీసెస్‌లాంటి పరీక్షలకి చదువుకుంటున్నారు. వాళ్లలో సివిల్ ఇంజినీరింగ్ ఆప్షనల్ తీసుకున్నవాళ్లున్నారు, ఇంజినీరింగ్ సర్వీసెస్‌కి కూర్చునేవాళ్లున్నారు. వాళ్లు పుస్తకంలో చదివేదీ, వాళ్లు పడుకునే బిల్డింగూ ఒకటే విషయం. ఆ మాట చెప్పాలని చాలాకాలంగా నా మనసులో ఉంది.

2025 ఫిబ్రవరి 17 గుర్తుందా? తెల్లవారుజామున 5 గంటల 36 నిమిషాలకు ఢిల్లీ మొత్తం ఉలిక్కిపడి లేచి కూర్చుంది. తీవ్రత 4.0 మాత్రమే. కానీ కేంద్రం ఎక్కడో హిందూకుష్‌లో కాదు, ఊరి నడిమధ్యన, ధౌలా కువాఁలో. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరున అక్కడ ఒక ప్రత్యేక విద్యా కళాశాల ఉంది, దాని దగ్గరేనని అధికారులు చెప్పారు. లోతు 5 కిలోమీటర్లు. అక్కణ్ణించి వందేమాతరం మార్గ్ పట్టుకుని రిడ్జ్ అడవి వెంట వస్తే శంకర్ రోడ్డు, దాన్ని ఆనుకుని రాజిందర్ నగర్. ఆ రోజు పెద్ద చప్పుడు విన్నామని ఎంతమంది చెప్పారో! అబద్ధం కాదు. దగ్గర్లో, తక్కువ లోతులో పుట్టిన భూకంపంలో గబగబా కొట్టుకునే అలలు ఎక్కువ. వాటిలో కొన్ని నేల మీదకొచ్చి గాలిలో కలిసి చప్పుడుగా వినిపిస్తాయి.

నేపాల్‌లోనో, అఫ్ఘానిస్తాన్‌లోనో వచ్చినప్పుడు వేరేగా ఉంటుంది. అంత దూరం వచ్చేసరికి గబగబా కొట్టుకునే అలలు దారిలోనే అరిగిపోతాయి, నింపాదిగా ఊగే అలలే మిగులుతాయి. అందుకే గుర్గావ్‌లో, నోయిడాలో ఇరవయ్యో అంతస్తువాళ్లు ఫ్యాన్లు ఊగుతున్నాయంటూ మెట్ల మీదుగా పరుగెత్తుతుంటే, రాజిందర్ నగర్‌లో మూడో అంతస్తు కుర్రాడు పుస్తకంలోంచి తలెత్తి "వచ్చిందా?" అని అడుగుతాడు. ఒకే భూకంపం ఒకణ్ణి పట్టుకుంటుంది, ఇంకొకణ్ణి వదిలేస్తుంది. ఎందుకని?

చింతకొమ్మకి కట్టిన ఉయ్యాలకి తనదంటూ ఒక ఊపు ఉంటుంది. దానికి తగ్గట్టు తోస్తే చిన్నపిల్ల తోసినా ఆకాశానికి లేస్తుంది, దానికి తగ్గట్టు కాకుండా తోస్తే పెద్దవాడు తోసినా తడబడుతుంది. ప్రతి బిల్డింగుకీ అలాంటి సొంత ఊపు ఉంది. ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే కాలాన్ని నేచురల్ పీరియడ్ అంటాం. స్ట్రక్చరల్ డైనమిక్స్‌లో మొదటి పాఠం ఇదే, చివరిదాకా చేతిలో ఉండేదీ ఇదే. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరానికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో భూకంపం పుట్టింది. ఆ నగరంలో ఎక్కువ భాగం ఎండిపోయిన చెరువు అడుగున, మెత్తటి బంకమట్టి మీద ఉంది. ఆ మట్టి ఊపు దాదాపు 2 సెకన్లు. అటూఇటూగా అదే ఊపున్న ఆరు నుంచి పదిహేను అంతస్తుల బిల్డింగులు ఎక్కువగా దెబ్బతిన్నాయి. పక్కనే ఉన్న పొట్టి ఇళ్లు చాలావరకు నిలిచాయి.

మరి మన రాజిందర్ నగర్ బిల్డింగు ఊపు ఎంత? ఢిల్లీ మాస్టర్ ప్లాన్ స్టిల్ట్ పార్కింగ్‌తో, అంటే కింద గోడల్లేకుండా పిల్లర్ల మీద వదిలిన ఖాళీతో కలిపి 17.5 మీటర్ల ఎత్తు ఒప్పుకుంది. భూకంపాలకి తట్టుకునేలా డిజైన్ చేయడానికి మన దేశంలో వాడే ఐఎస్ 1893 కోడులో ఇచ్చిన సూత్రంలో ఆ ఎత్తు వేయండి. గోడల్ని లెక్కలోకి తీసుకోకపోతే 0.64 సెకను వస్తుంది. గోడలు కలుపుకుని, బిల్డింగు 16 మీటర్ల పొడవనుకుంటే 0.39. అంటే సెకనులో సగం అటూఇటూ. గట్టి నేల మీద దగ్గర్లో పుట్టే భూకంపం ఎక్కువ బలంగా ఊపేది సరిగ్గా ఇలాంటి బిల్డింగులనే. ఢిల్లీ పరిసరాల్లో 1960 ఆగస్టు 27న తీవ్రత 6 దాకా ఉన్న భూకంపం వచ్చింది. 4 నుంచి 6కి వెళ్లడమంటే రెండు మెట్లు ఎక్కడం కాదు, శక్తి వెయ్యి రెట్లు పెరగడం.

ఇంకొంచెం టీ పోసుకోండి, ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి.

ఒక 500 టన్నుల బిల్డింగు అనుకోండి. 2016 నాటి ఐఎస్ 1893 కోడులో ఢిల్లీది నాలుగో భూకంప జోన్, అక్కడ నేల ఎంత బలంగా ఊగొచ్చో చెప్పే అంకె 0.24. డిజైన్‌కి అందులో సగం తీసుకుంటారు, 0.12. మన బిల్డింగు ఊపుకి వచ్చే 2.5తో గుణిస్తే 0.30. అంటే ఎక్కడా చెక్కుచెదరకుండా నిలబడాలంటే ఆ బిల్డింగు తన బరువులో 30 శాతం, 150 టన్నుల తోపుడుని అడ్డంగా తట్టుకోవాలి. మామూలు ఇళ్లను అంత బలంగా ఎవరూ కట్టరు, కట్టమని కోడు కూడా అనదు. ఆ 150ని అయిదుతో భాగించి, 30 టన్నులకి డిజైన్ చేస్తే చాలంటుంది.

మిగతా 120 టన్నులూ ఏమయ్యాయి? ఎక్కడికీ పోలేదు. భూకంపం వచ్చిన రోజున వస్తాయి. ఆ రోజు బిల్డింగు పగుళ్లిస్తుంది, వంగుతుంది, శక్తిని తనలో తాను అరగదీసుకుంటుంది, కానీ కూలిపోదు అనే నమ్మకం మీద కోడు ఆ రాయితీ ఇచ్చింది. విరక్కుండా వంగే ఆ గుణాన్నే డక్టిలిటీ అంటాం. దానికి తోడు, లెక్కలో చూపించకుండా మిగిలి ఉండే అదనపు బలం కూడా కొంత ఉంటుంది. ఈ రెండిటినీ కలిపి పెట్టిన అంకె అయిదు. కోడులో దాని పేరు R. పరీక్షలో R = 5 అని రాస్తే మార్కులు పడతాయి. మరి సైటులో ఆ అయిదుకి హామీ ఎవరు?

రాడ్‌బెండర్ మేస్త్రి.

ఎప్పుడైనా కొత్త బిల్డింగు లేస్తుంటే, సెంట్రింగ్ కొట్టకముందు ఒక పిల్లరు దగ్గర ఆగి చూడండి. నిలువు కమ్ముల చుట్టూ 8 మిల్లీమీటర్ల రింగులు కట్టి ఉంటాయి. ఒక్క రింగు కొసలు చూడండి చాలు. ఆ కొసలు 135 డిగ్రీలు వంగి పిల్లరు కడుపులోకి చొచ్చుకుపోయి ఉన్నాయా, లేక 90 డిగ్రీలకే ఆగి కమ్మి మీద వాలి ఉన్నాయా? పిల్లరు ఊగినప్పుడు ముందు పైతొక్క కాంక్రీటు రాలిపోతుంది. 90 డిగ్రీల కొసకి ఆధారం ఆ తొక్కే. అది రాలగానే కొస తెరుచుకుంటుంది, రింగు ఊడుతుంది, నిలువు కమ్ములు పక్కకి ఉబుకుతాయి, లోపలి కాంక్రీటు పిండైపోతుంది. లోపలికి వంగిన కొస అలా ఊడదు. ఐఎస్ 13920 కోడు చెప్పేది ఇదే. పిల్లరు పైకొసా కిందికొసా, బీము కలిసే చోట్ల రింగుకీ రింగుకీ మధ్య 100 మిల్లీమీటర్లు మించకూడదని కూడా చెబుతుంది. బీమూ పిల్లరూ కలిసే జాయింటు లోపల కూడా రింగులుండాలి. అక్కడ కమ్ములు కిక్కిరిసి ఉంటాయి, చెయ్యి దూరదు, కాబట్టి చాలా సైట్లలో ఆ రింగుల్ని ఎగ్గొట్టేస్తారు. మేస్త్రిని తప్పుపట్టడం నాకిష్టం లేదు. 135 డిగ్రీలు వంచడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఎందుకు వంచాలో అతనికి ఎవరూ చెప్పలేదు. కూలీ మాత్రం టన్నుల లెక్కన ఇస్తారు.

రెండో హామీ బిల్డరు దగ్గరుంది. రాజిందర్ నగర్ దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన కాందిశీకుల కోసం వెలసిన కాలనీ, రాజేంద్ర ప్రసాద్ గారి పేరున. అప్పటి చిన్న చిన్న ఇళ్ల చోట ఇవాళ నాలుగంతస్తులు లేచాయి. పైన ప్రతి అంతస్తులో గదికి గది అడ్డంగా ఇటుక గోడలు, కింద మాత్రం కార్లకోసం, స్కూటర్లకోసం ఖాళీ. ఇటుక గోడలు ఫ్రేముకి ఎంత బిగింపునిస్తాయో చాలామందికి తెలియదు. పై నాలుగంతస్తులు కలిసి ఒకే దిమ్మగా కదులుతాయి. ఊగాల్సిన ఊపంతా కింది ఖాళీ అంతస్తులోని ఆ కాసిని పిల్లర్ల మీద పడుతుంది. మూడు మీటర్ల అంతస్తు డిజైన్ బలానికి 12 మిల్లీమీటర్ల కన్నా పక్కకి జరక్కూడదని కోడు చెబుతుంది. కింద గోడల్లేని బిల్డింగు అసలైన భూకంపంలో అంతకి ఎన్నో రెట్లు అక్కడే జరుగుతుంది. పిల్లర్లు పైనా కిందా విరిగితే పై అంతస్తులు మొత్తంగా కింద కూర్చుంటాయి.

2001 జనవరి 26న భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌కి జరిగింది ఇదే. కేంద్రానికి 200 కిలోమీటర్ల పైన దూరం. అయినా అపార్ట్‌మెంట్లు పదుల సంఖ్యలో కూలాయి, వందల మంది పోయారు. కింద పార్కింగ్ వదిలి కట్టినవి వాటిలో ఎక్కువ. ఆ తర్వాత 2002 కోడు, ఇలాంటి ఖాళీ అంతస్తు పిల్లర్లనీ బీముల్నీ లెక్కకి వచ్చినదానికి రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చెయ్యమంది. ఐఐటీ కాన్పూర్‌లో ఉండగా ప్రొఫెసర్ సి.వి.ఆర్. మూర్తి గారు రాసిన 'ఎర్త్‌క్వేక్ టిప్స్'లో 21వది పూర్తిగా దీని గురించే. ఇంజినీరు కానివాళ్లకి కూడా అర్థమయ్యేలా బొమ్మలేసి చెప్పారు. సివిల్ ఆప్షనల్ పిల్లలు గైడ్లు కొనేముందు అవి చదివితే ఎంత బాగుంటుందో!

ఇక 2024 జులై 27. ఆ సాయంత్రం ఈ కాలనీలోనే ఒక బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాన నీళ్లు దూసుకొచ్చి ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. ఆ తర్వాత ఎన్నో బేస్‌మెంట్లకు సీళ్లు పడ్డాయి, తనిఖీలు జరిగాయి. అవసరమే. కానీ అదే బిల్డింగుల్లో బేస్‌మెంట్‌కి ఒక్క మెట్టు పైనున్న స్టిల్ట్ అంతస్తు గురించి అడిగినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. ఆ ప్రమాదం నీళ్లలా ప్రతి వానాకాలం తనని గుర్తుచేయదు.

ఇదంతా ఖర్చుతో కూడిన పని, మనవల్ల కాదు అనేవాళ్లకి నేను ఎస్.ఎల్. కుమార్ కథ చెబుతాను. 1931లో బలూచిస్తాన్‌లో మాచ్ దగ్గర భూకంపం వచ్చింది. అప్పుడు ఆయన రైల్వేలో కుర్ర ఇంజినీరు. క్వెట్టాలో రైల్వే క్వార్టర్లను భూకంపానికి నిలిచేలా డిజైన్ చేశాడు. వాడింది రైలు పట్టాలూ ఇటుకలే. 1933లో దేశానికి భూకంప జోన్ల పటం కూడా గీశాడు. 1935 మే 31న క్వెట్టా నేలమట్టమైంది, వేలవేల మంది పోయారు. ఆ క్వార్టర్లు నిలబడ్డాయి. కంప్యూటర్లు లేవు, ఐఎస్ కోడు రావడానికి 1962 దాకా ఆగాలి. ఆయన చేతిలో ఉన్నది ఇనుమూ, ఇటుకా, పట్టుదలా.

మన ఊళ్ల సంగతా? 2024 డిసెంబరు 4 పొద్దున 7:27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలితే హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. అదే 2016 కోడులో హైదరాబాద్ రెండో జోన్, 0.10. విజయవాడ మూడో జోన్, 0.16, పైగా కృష్ణ ఒండ్రు మట్టి. అక్కడ మన అపార్ట్‌మెంట్లన్నీ ఎలా ఉంటాయి? కింద పార్కింగ్, పైన అయిదంతస్తులు. కాబట్టి ఇది ఢిల్లీ గోడు మాత్రమే అనుకోకండి.

ఉన్న బిల్డింగుని బాగుచేయడం అసాధ్యం కాదు. స్టిల్ట్‌లో కార్లకి అడ్డురాని మూలల్లో, పొడవు దిక్కున కొన్నీ వెడల్పు దిక్కున కొన్నీ, పునాదిలోంచి లేపిన కాంక్రీటు గోడలు కట్టొచ్చు. సన్నటి పిల్లర్ల చుట్టూ కమ్మీ కట్టి కొత్త కాంక్రీటు తొడుగు వేయొచ్చు. గోడల్ని ఒకే పక్కన కట్టేస్తే మాత్రం బిల్డింగు మెలితిరుగుతుంది, అది ఇంకో ప్రమాదం. అందుకే లెక్క తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరుండి చేయించాలి. కొత్తగా గది వెతుక్కునే పిల్లలు అద్దె బేరమాడేముందు ఒక్కసారి కిందికి దిగి పిల్లర్లు లెక్కపెట్టండి. కాంక్రీటు ఊడి తుప్పుపట్టిన కమ్మి బయటికి కనిపిస్తే ఆ ఇల్లు వద్దు. మెట్ల దగ్గర కరెంటు మీటర్లూ బైకులూ దారికడ్డంగా ఉన్నాయేమో కూడా చూసుకోండి.

ఈ గదుల్లో చదివేవాళ్లలో కొందరు రేపు మునిసిపల్ కమిషనర్లవుతారు, ప్లాన్ల మీద సంతకాలు పెడతారు. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. స్లాబుస్లాబుకీ కాంక్రీటు పోయకముందు, ప్రతి పిల్లరు రింగు కొసా, ప్రతి జాయింటూ కనిపించేలా టేపు పక్కన పెట్టి తీసిన ఫొటో ఫైల్లో చేరాలి, దాని కింద ఇంజినీరు సంతకం ఉండాలి. ఆ ఫొటో లేకపోతే పై అంతస్తుకి అనుమతి ఆపండి.