ఏలూరు రోడ్డు అచ్చుకూటమున లినక్సు

విజయవాడలో ఏలూరు రోడ్డు వెంబడి నడచువారికి పుస్తకముల దుకాణములే ప్రధానముగా గోచరించునుగాని, ఆ దుకాణములకు ఆధారమైన అచ్చుపని యంతయు వాని వెనుకనున్న ఇరుకు సందులలో, మేడమీది చిన్న గదులలో, పట్టపగలును దీపము వెలిగించుకొనవలసిన చోట్ల జరుగుచుండును. శుభలేఖలు, పంచాంగములు, పాఠశాలల గైడ్లు, ఎన్నికల కరపత్రములు, కవులు సొంత ఖర్చుతో వేయించుకొను సంపుటములు, సమస్తమును అక్కడినుండియే వెలువడును. అట్టి అచ్చుకూటమొకటి తన కంప్యూటర్లనుండి విండోసును తొలగించి లినక్సును నెలకొల్పుకొన్నదని ప్రచురణకర్తయైన మిత్రుడొకడు చెప్పగా, నమ్మియు నమ్మక, చూచివత్తమను కుతూహలముతో ఒక మధ్యాహ్నము అచ్చటికి పోయితిని. నమ్మకపోవుటకు కారణము లేకపోలేదు. తెలుగు డి.టి.పి. వృత్తి యంతయు చిరకాలముగా పేజ్‌మేకరు, కోరల్‌డ్రా, ఫొటోషాపు, వీనికి తోడు “అను” ఫాంట్లు, ఈ నాలుగింటినే నమ్ముకొని బ్రతుకుచున్నది. 2001లో వెలువడిన 7.0 తరువాత పేజ్‌మేకరునకు పెద్ద కూర్పు మరియొకటి రానేలేదు; అయినను మన ఆపరేటర్లు దానిని విడిచిపెట్టలేదు. అంతటి నిష్ఠ గలవారు మారిరనగా వింతయే కదా.

యజమాని అరువది దాటినవారు. సీసపు అక్షరములను గళ్లపెట్టెలనుండి ఏరి కూర్చి, ట్రెడిల్ మిషనుపై కాగితములు లాగిన తరమునకు చెందినవారు. ఆ కాలపు గళ్లపెట్టె ఒకటి ఇప్పటికిని ఆయన బల్లప్రక్కన కలదు. అందులో పెన్‌డ్రైవులు, రబ్బరు స్టాంపులు, బిల్లు పుస్తకములు ఉన్నవి. మార్పునకు హేతువేమని అడుగగా, ముందుగా కంప్యూటర్ల సంగతి చెప్పిరి. విండోస్ 10కు సాధారణ భద్రతాసవరణల పంపిణీ 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినది; దాని తరువాతి విండోస్ 11 టి.పి.ఎం. 2.0 అను భద్రతాసాధనమును, కొంత క్రొత్త తరపు ప్రాసెసరును కోరును. ఈ గదిలోని కంప్యూటర్లకు ఆ రెండును లేవు. యంత్రములు చక్కగా పనిచేయుచుండగా వానిని తుక్కు క్రింద అమ్మివేయుటకు ఆయనకు మనసొప్పలేదు. అయితే ఖర్చు కలిసివచ్చినదన్నమాట అని నేననగా, ఆయన నవ్వి,

“ధర మాట ఎత్తకండి మాస్టారూ. ఇన్నేళ్లూ మేం దేనికి డబ్బు కట్టాం కనక? అన్నీ కాపీలేగా. మమ్మల్ని చంపింది వైరస్సు,” అనిరి.

ఈ మాటను లినక్సు ప్రచారకులు శ్రద్ధగా వినవలెనని నాకు తోచినది. ఉచితము, ఉచితము అని వారు చాటుచుందురుగాని, ఈ సందులలో విండోసు సయితము ఉచితముగనే లభించుచుండెను! ఇక వైరసు సంగతి. అచ్చుకూటమనగా ఊరిలోని పెన్‌డ్రైవులన్నియు వచ్చి చేరు స్థలము. ఒకదానినుండి ఒకదానికి సోకు వైరసు ఒకటి ఫోల్డర్ల నన్నింటిని మరుగుపరచి, వాని స్థానమున షార్ట్‌కట్లను మాత్రము నిలుపును. వానిని నొక్కినచో అది ఈ కంప్యూటరులోనికి కూడ ప్రవేశించును. శుభలేఖ కొరకు వచ్చినవాని పెన్‌డ్రైవు పాడైనదని, అది మీ కంప్యూటరు వల్లనే అని తగవులాడిన సందర్భములు అనేకములట. విండోసు కొరకు వ్రాయబడిన ఆ వైరసు లినక్సుపై నడువదు. పెన్‌డ్రైవులోని ఫోల్డర్లు యథాతథముగా కనబడును. అక్కరలేని ఫైలును తొలగించి పని సాగింపవచ్చును.

మార్పునకు తోడ్పడినవాడు ఇంజనీరింగు చదువుచున్న ఒక యువకుడు, యజమానికి మేనల్లుడు. వాడు లినక్సు మింటును ఒక పెన్‌డ్రైవున కెక్కించి తెచ్చి, హార్డుడిస్కును తాకకుండ దానినుండియే కంప్యూటరును నడిపించి, కొన్నాళ్లపాటు అట్లే పనిచేయించెనట. ఎడమమూల క్రింద మెనూ, కుడిమూల గడియారము, ఫోల్డర్ల కిటికీలు, అన్నియు పరిచితమైన రీతినే యుండుటచేత ఆపరేటర్లు తొలినాడు పెద్దగా కలవరపడలేదు. కలవరము ప్రింటరుతో మొదలైనది. మన దేశమున జిరాక్సు దుకాణముల కెల్ల ఆభరణమైన చిన్న లేజరు ప్రింటరు ఒకటి వీరికిని ఉండెను. లినక్సుతో అది సఖ్యపడక, ఒకనాడు అచ్చువేసి మరునాడు మొండికేయుచుండగా, తుదకు వేరొక ప్రింటరు కొనవలసివచ్చెను. లినక్సునకు మారదలచువారు కంప్యూటరు కంటె ముందు ప్రింటరు నంబరును విచారించుకొనుట మేలని ఆ యువకుని అభిప్రాయము.

వర్డు స్థానమున లిబ్రెఆఫీసు రైటరు వచ్చినది. దానిని గూర్చి ఎవరును పెద్దగా మాట్లాడలేదు, మాట్లాడవలసినదియు లేదు. ఫొటోషాపు స్థానమున గింపు. దానిని ఫొటోలు సవరించు కుర్రవాడు ఇప్పటికిని ప్రేమింపడు. 2025లో వచ్చిన 3.0 కూర్పు మెరుగేనని మాత్రము ఒప్పుకొనెను. కోరల్‌డ్రా స్థానమున ఇంక్‌స్కేపు. శుభలేఖలమీది కలశములు, అరటిచెట్లు, గణపతి బొమ్మలు, వేలకొలది పాత కోరల్ ఫైళ్లలో ఉన్నవి. వానిలో పెక్కింటిని ఇంక్‌స్కేపు తెరవగలదు, కొన్నింట రంగుల నిండింపులు చెదరును. పేజ్‌మేకరు స్థానమున స్క్రైబసు.

ఇంక్‌స్కేపుతో అచ్చుకూటమునకు గల అసలు చిక్కు నాకు ప్లేటు వద్ద తెలిసినది. ఆఫ్‌సెట్ అచ్చు నాలుగు సిరాలతో, నాలుగు ప్లేట్లతో నడచును. తెరకొరకు పుట్టిన ఇంక్‌స్కేపు ఎరుపు, ఆకుపచ్చ, నీలి వెలుగుల లెక్కలో ఆలోచించునుగాని సిరాల లెక్కలో కాదు. కావున అందు నల్లగా కనబడిన అక్షరము ప్లేట్లకు వచ్చుసరికి ఒక్క నల్లసిరాలో నిలువక నాలుగు సిరాలలోనికి పంచుకొనిపోవును. కాగితము వెంట్రుకవాసి కదలినను చాలు, చిన్న అక్షరమునకు ఒకవైపు గులాబి, ఒకవైపు నీలము అంచులు కనబడును. పనికిరాదని త్రోసివేసిన శుభలేఖ నొకదానిని యజమాని నా చేతికిచ్చి భూతద్దము అందించిరి; “సుముహూర్తము” అను మాట ఇంద్రధనుస్సువలె తేలినది. ఇప్పుడు బొమ్మను మాత్రము ఇంక్‌స్కేపులో గీసి, దానిని స్క్రైబసులోనికి తెచ్చి, అక్షరములను అక్కడనే కూర్చి, నలుపును శుద్ధమైన నలుపుగా నిర్ణయించి, అచ్చునకు తగిన పి.డి.ఎఫ్. తీయుచున్నారు. రంగుల విభజనను స్క్రైబసు తెరమీదనే, ఒక్కొక్క సిరాను విడిగా చూపును. కోరల్ ఒక్కటే చేసిన పనిని ఇప్పుడు రెండు చేయుచున్నవి. ఒకదానికి ఒకటి సరిగా ప్రత్యామ్నాయము దొరకుననుకొని బయలుదేరినవారికి ఇచ్చట ఆశాభంగము తప్పదు; పనినే వేరుగా పంచుకొనవలెను.

పెద్ద ఆపరేటరు నడివయసు స్త్రీ. ఇరువదియేండ్లకు పైగా ఆమె వ్రేళ్లు ఆపిల్ కీబోర్డు వరుసకు అలవాటుపడి, కంటిని వ్రాతప్రతిపై నిలిపి, తెరవంక చూడకయే టైపు చేయును. “నాకు సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటేనండీ, కీబోర్డు మారిస్తే మాత్రం ఉద్యోగం మానేస్తానని చెప్పాను,” అని ఆమె నిస్సంకోచముగా చెప్పెను. లినక్సులో ఐబస్ అను ఉపకరణము ద్వారా ఇన్‌స్క్రిప్టు, పోతన, ఆర్.టి.ఎస్. మొదలగు వరుసలతోపాటు ఆపిల్ వరుసయు లభించునని ఆ యువకుడు కనిపెట్టనిచో ఈ కథ అచ్చటనే ముగిసెడిది. “తమ్ముడు అది పెట్టాడు కాబట్టి ఇక్కడున్నాను,” అనుచు ఆమె నా యెదుట ఒక పుట కూర్చెను. కొన్ని ఒత్తుల వద్ద మాత్రము ఒక్క క్షణము ఆగుచుండెను.

ఆ ఆగుటలోనే ఈ పరివర్తనమునకు గల మర్మమంతయు నాకు గోచరించినది. పాత ఫాంట్లలో తెలుగు కేవలము కంటికి తెలుగుగాని యంత్రమునకు కాదు. ఇంగ్లీషు అక్షరములకును, గుర్తులకును కేటాయింపబడిన స్థానములలో తలకట్టు నొకచోట, అక్షరపు ఒడలు నొకచోట, ఒత్తు నింకొకచోట నిలిపి, వానిని ప్రక్కప్రక్కన చేర్చి మన కన్నులకు తెలుగును కల్పించిరి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలును తెరచినచో శతకము కూడ అర్థరహితమైన ఇంగ్లీషు అక్షరముల ప్రోవుగా మారును. అందులో ఒక మాటను వెదకలేము, అకారాది క్రమమున పేర్చలేము. యూనికోడు నందు తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకింపబడి, ఆకారమునకు గాక అక్షరమునకు సంఖ్య నియతమైనది. “లక్ష్మి” అను మాటలో లకారము, కకారము, పొల్లు, షకారము, పొల్లు, మకారము, గుడి, ఈ ఏడును వరుసగా నిలిచియుండును. వానిని ఒకదానిక్రింద ఒకటి పొందికగా నిలుపు భారము ఫాంటునకును, కూర్పు సాధనమునకును చెందినది. ఆపరేటరు వ్రేళ్లు బొమ్మలను పేర్చుట మాని, ఉచ్చారణక్రమమును అనుసరింపవలసివచ్చినది.

స్క్రైబసు పాత కూర్పులకు ఈ విద్య రాదు. వానిలో తెలుగు ఒత్తులు విడిపోయి పొల్లులు వ్రేలాడెడివి. అరబ్బీ లిపి కొరకు ఒమాను దేశమున జరిగిన కృషి ఫలితముగా 2017 ప్రాంతమున జటిలలిపుల కూర్పు దానికి అలవడి, 2024లో వెలువడిన 1.6 కూర్పుతో స్థిరపడినది. ఎడారి దేశమున ఎవరో తమ లిపి కొరకు శ్రమింపగా బెజవాడలో “చి.ల.సౌ.” ప్రక్కన వధువు పేరు చక్కగా కూర్పబడుచున్నది, ఇది నన్ను సంతోషపెట్టినంతగా యజమానిని సంతోషపెట్టలేదు, ఆయన దృష్టి యంతయు పంక్తుల నడిమి ఎడముమీదనే యుండెను.

ఫాంట్ల కొరత లేదు. మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ, గిడుగు, ఎన్టీఆర్ మొదలగునవి స్వేచ్ఛగా వాడుకొనుటకు లభించుచున్నవి. ఒక పండితుని గ్రాంథిక వ్యాసమును పెద్ద ఆపరేటరు గిడుగు ఫాంటులో కూర్చుచుండగా చూచి, వ్యావహారికము కొరకు జీవితమెల్ల పోరాడిన రామమూర్తి పంతులుగారి పేరిట ఈ “చేసెదను, పోయెదను” లన్నియు కొలువుదీరినవి గదా అని నవ్వుకొంటిని. నేను వ్రాయునదియు ఆ తీరునే గనుక బయటికి అనలేదు. నిండు పుస్తకమునకు మండలినే ఈ గదిలో ఎక్కువగా వాడుచున్నారు.

పాత గ్రంథములను యూనికోడునకు మార్చు కన్వర్టర్లు ఉన్నవి. అవి నూటికి నూరుపాళ్లు నమ్మదగినవి కావు. ఒత్తు ఒకటి ముందుకో వెనుకకో జరుగును, పొల్లు జారిపోవును, మధ్యనున్న ఇంగ్లీషు పేర్లు తెలుగు శిథిలములుగా మారును. “సాఫ్ట్‌వేర్” వంటి మాటలలో పొల్లు పొల్లుగా నిలువవలెనన్న, నడుమ కంటికి కనబడని ఒక గుర్తును నిలుపవలెను. అది లేనిచో వకారము టకారము క్రింద ఒత్తుగా దూరును. ఈ కారణమున మార్చిన ప్రతి పుటను ప్రూఫురీడరు మరల చదువుచున్నారు. విండోసును తొలగించి లినక్సును ఎక్కించుట ఒక పూట పని. ఈ అక్షరముల విమోచనము ఇంకను సాగుచున్నది. లినక్సునకు మారకపోయినను ఏదో యొకనాడు చేయవలసిన పనియే ఇది. నన్నడిగినచో, ఆ గదిలో జరిగిన ఘనకార్యము ఇదియే.

మలయాళ దినపత్రిక జనయుగం 2019లోనే తన కూర్పునంతను స్క్రైబసు, గింపు, ఇంక్‌స్కేపులకు మార్చుకొన్నది. నిత్యము తెల్లవారకమునుపే ముగింపవలసిన పత్రికయే మారగలిగినప్పుడు శుభలేఖలవారికేమి భయమని మేనల్లుడు మామకు ధైర్యము చెప్పెనట. ఆ పత్రికవారికిని పాత ఫాంట్ల బాధ మనవలెనే యుండెను. తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ప్రచారము చేయు “స్వేచ్ఛ” సంస్థ ఇంజనీరింగు కళాశాలలలో ఇట్టి యువకులను తయారుచేయుచున్నదిగాని, అచ్చుకూటములకును వారికిని నడుమ రాకపోకలు అంతగా లేవు. ఈ గదిలో ఆ సంబంధము మేనరికము వలన కుదిరినది!

విండోసు పూర్తిగా పోయినదని నా మిత్రుడు చెప్పినది అతిశయోక్తి. లెక్కలు వ్రాయు గుమాస్తా ట్యాలీని విడువనని పట్టుబట్టుటచేత ఆయన బల్లమీది కంప్యూటరు యథాపూర్వముగా నున్నది. పాత పేజ్‌మేకరు ఫైళ్ల కొరకు లినక్సు లోపలనే వర్చువల్‌బాక్సున ఒక పాత విండోసును, ఇంటర్నెట్టు తగులకుండ బంధించి యుంచిరి. లిబ్రెఆఫీసు డ్రా ఆ ఫైళ్లను తెరచునుగాని పుటల పొందిక నిలువదు. ప్రతి సంవత్సరము ఉగాదికి ముందు పంచాంగకర్తలు పాత పుటలనే సవరింపుమని తెత్తురు. తిథుల పట్టికలను మొదటినుండి కూర్చుటకు అప్పుడు తీరిక యెక్కడిది? ఆ విండోసు ఇంకను కొన్ని ఉగాదులు చూచునట్లే యున్నది.

నేను సెలవు తీసుకొనుచుండగా ఫ్లెక్సీలు వేయు దుకాణమునుండి ఒక బాలుడు సైకిలుపై వచ్చెను. యజమాని పెన్‌డ్రైవు ఇచ్చిరి. బాలుడు కదలలేదు.

“కోరల్ ఫైలేనా అండీ? కోరల్ అయితేనే తెమ్మన్నారు.”

“పి.డి.ఎఫ్. ఇచ్చాను, సైజు సరిగ్గా పెట్టాను. తీసుకెళ్లు బాబూ.”

“మొన్న కూడా ఇదే ఇచ్చారంట, అక్షరం మార్చడానికి కుదర్లేదంట.”

“అక్షరం మార్చాలంటే నాకు ఫోన్ చెయ్యమను, అయిదు నిమిషాల్లో మార్చి పంపిస్తాను. మీవాళ్లు మారుస్తే మళ్లీ తప్పులే పడతాయి,” అని ఆయన గద్దించిరి. బాలుడు పెన్‌డ్రైవును జేబున వేసికొని, నమ్మకము లేనివానివలె సైకిలెక్కెను. సందు మలుపైనను తిరుగకముందే యజమాని ఫోను మ్రోగినది.