క్షయను దాచిపెట్టొద్దు



మేము బడిలో అరవం చదువుకున్నవాళ్ళం, కాబట్టి ఈ రోగం మాకు కాసనోయ్. ఇంట్లో పెద్దలు క్షయ అనేవారు, అదీ గొంతు తగ్గించి. ఇప్పటికీ మనవాళ్ళలో అంతే. ఆడపిల్లకు వస్తే సంబంధాలు తప్పిపోతాయని దాస్తారు.

దాచే పనిలేదని మన మద్రాసులోనే ఏనాడో తేలింది. 1956లో చేట్‌పట్‌లో మొదలైన పరిశోధన కేంద్రం పేద రోగులలో కొందరిని శానటోరియంలో, కొందరిని ఇంట్లోనే ఉంచి ఏడాది పాటు మందులిచ్చింది. శానటోరియంలో తిండి, విశ్రాంతి మెరుగు. అయినా ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే బాగా నయమైందని 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంటివాళ్ళకు అంటుకోవడమూ ఎక్కువ కాలేదు.

అసలు సంగతి మందు మానకపోవడం. ఇప్పుడు మామూలు క్షయకు ఆరు నెలలు వేసుకోవాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్ళు తేరుకుంటుంది, అక్కడే మనవాళ్ళు ఆపేస్తారు. మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా పోతే తర్వాత పాట్లు చాలా పెద్దవి. రైల్వేలో పనిచేసినవాళ్ళం చెబుతున్నాం, బండి ఆగిన ప్రతి స్టేషనూ మన ఊరు కాదు.

2025కల్లా క్షయ లేకుండా చేయాలని కేంద్రం గడువు పెట్టుకుంది. గడువు వచ్చింది, రోగం పోలేదు. సర్కారు ఆస్పత్రిలో పరీక్ష, మందులు ఉచితం. తిండికి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించండి. ఒకరికి వస్తే ఇంట్లో అందరూ చూపించుకోవాలి. సంబంధం కోసం దాచిన రోగం ఇంట్లో పసిబిడ్డకు అంటుకుంటుంది.