చమురు మాష్టారు

బి.ఏ. తెలుగు చదివిన నాకు లెక్కలంటే ఆమడ దూరం. అయినా ఎం. కింగ్ హబ్బర్ట్ అనే చమురు మాష్టారి కథ మాత్రం సీరియల్ నవల్లా చదివించింది.

1903లో టెక్సాస్‌లో పుట్టారాయన. కొలంబియాలో పాఠాలు చెప్పారు. షెల్ కంపెనీలో ఇరవయ్యేళ్లు పరిశోధన చేశారు. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విశ్వవిద్యాలయాల్లోనూ ఆచార్యుడుగా పనిచేశారు.

బియ్యం డబ్బా ఎప్పుడు ఖాళీ అవుతుందని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఇల్లాలు మాత్రం సగానికి రాగానే కనిపెడుతుంది. హబ్బర్ట్‌ది ఇల్లాలి చూపు! 1956లో శాన్ ఆంటోనియోలో చమురువాళ్ల సభలోనే నిలబడి, అమెరికాలో ఉత్పత్తి 1965-70 మధ్య శిఖరానికి చేరి, ఆ పైన తగ్గుతుందన్నారు. బావులు పొంగుతున్న రోజులాయె, ఎవరు నమ్ముతారు? 1970లో రోజుకు సుమారు 96 లక్షల బారెళ్లు తాకి, అన్నట్టే దిగసాగింది.

అసలు తమాషా ఇప్పుడుంది. నేలలోకి ఒత్తిడితో ద్రవం పంపి రాతిని చీల్చే విద్య 1949 నుంచే వ్యాపారంలో ఉంది. ఆ చీలిక ఎటు పోతుందన్నదే తగాదా. 1957లో హబ్బర్ట్, డేవిడ్ విల్లిస్ కలిసి ఓ సీసాలో జెలటిన్ పోశారు. అదేనండీ, పిల్లలకు జెల్లీ చేసిపెడతామే, అది! సీసాను పక్కలనుంచి నొక్కి ఉంచి, లోపలికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జారు పంపారు. ఒత్తిడి ఏ దిక్కున తక్కువో ఆ దిక్కుకే చీలిక నోరు తెరిచింది. భూమి లోతున చీలికలు ఎక్కువగా నిలువునే ఉంటాయని అలా తేల్చారు.

2008 నాటికి అమెరికా ఉత్పత్తి రోజుకు 50 లక్షల బారెళ్లకు పడిపోయింది. అప్పుడు షేల్ రాతిలోకి అడ్డంగా బావులు తవ్వి, చీల్చి, చమురు పిండటం జోరందుకుంది. 2018లో 1970 నాటి రికార్డు దాటిపోయింది. ఒక చేత్తో వేసిన జోస్యాన్ని, రెండో చేత్తో నేర్పిన విద్యే తిరగరాసింది! చూడటానికి మాష్టారు లేరు, 1989లోనే కన్నుమూశారు.

ఓడిపోయారంటారా? నేననను. తనకు తెలిసినంత మేరకు లెక్కగట్టి, మొహమాటం లేకుండా చెప్పారు. శిష్యులకు అంతకన్నా పెద్ద పాఠం ఏముంటుంది? ఆ షేల్ బావులూ మొదటి ఏడాదిలోనే చప్పున చప్పబడతాయి, మళ్లీ కొత్తవి తవ్వుతూ ఉండాల్సిందే. అందుకేనేమో, ఆయన మలివయసులో సూర్యుడి వంక చూపించారు.

డబ్బా పెద్దదైతే మాత్రం, అడుగనేది ఉండదా చెప్పండి?